పన్ను రూపాయి... పనిగా మారేదెలా?

పెట్రోలు బంకులో, కిరాణా చీటీలో, కరెంటు బిల్లులో... రోజూ ఏదో ఒక పన్ను కడుతూనే ఉంటాం. ఆ డబ్బే మళ్లీ కాలువగా, రోడ్డుగా, కూలీగా ఊరికి తిరిగొస్తుంది. వెళ్లేటప్పుడు అది ఎంతమంది పనిని పట్టుకుపోతోంది? వచ్చేటప్పుడు ఎంతమందికి పని తెస్తోంది? సిక్కోలు, విజయనగరం జిల్లాల అనుభవమే దీనికి జవాబు.

2011 జనాభా లెక్కల్లో ఓ విశేషం ఉంది. దేశం మొత్తమ్మీద ప్రతి 1000 మంది మగవాళ్లకు 943 మంది ఆడవాళ్లు ఉంటే, అప్పటి శ్రీకాకుళం జిల్లాలో 1015 మంది, విజయనగరం జిల్లాలో 1019 మంది ఉన్నారు. చూడగానే మురిసిపోవాల్సిన అంకెలే. కానీ వాటి వెనక ఓ దిగులు కూడా ఉంది. లెక్కలు రాసేవాళ్లు తలుపు తట్టే సమయానికి చాలా ఇళ్లలో మగవాళ్లు లేరు. పని వెతుక్కుంటూ ఎక్కడెక్కడికో వెళ్లిపోయారు. 2001 నుంచి 2011 మధ్య ఉమ్మడి రాష్ట్ర జనాభా దాదాపు 11 శాతం పెరిగితే శ్రీకాకుళంలో ఆరున్నర శాతం, విజయనగరంలో నాలుగు శాతం పైచిలుకు మాత్రమే పెరగడానికీ వలస ఓ కారణం.

చెన్నైలో భవనాలు కట్టేది వీళ్లే. హైదరాబాద్‌లో సెంట్రింగు పని చేసేదీ వీళ్లే. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, మృతుల్లో చాలామంది ఈ రెండు జిల్లాల కూలీలే. పెద్ద తీరం ఉన్న జిల్లా అయినా మత్స్యకారులు చేపల వేటకు గుజరాత్‌లోని వీరావల్ దాకా వెళ్తారు. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్థాన్‌కు పట్టుబడినవాళ్లు 2020 జనవరిలో గానీ ఇంటి ముఖం చూడలేదు.

నాగావళి ఉంది, వంశధార ఉంది. నేల కింద మాంగనీసు ఉంది. ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలున్నాయి. శ్రీకాకుళానికి 193 కిలోమీటర్ల తీరం ఉంది. ఇన్ని ఉన్నా పని ఎందుకు లేదు? చిన్న కమతాలు, వానల మీద ఆధారపడ్డ సాగు, రెండు మూడేళ్లకోసారి విరుచుకుపడే తుపాన్లు... కారణాలు చాలానే ఉన్నాయి. మనం అంతగా మాట్లాడుకోని కారణం మరొకటుంది. ప్రభుత్వం పన్ను దేని మీద వేస్తోంది, వచ్చిన డబ్బును ఎలా ఖర్చు పెడుతోంది అన్నదే అది.

కొలిమికి కరెంటే కూడు

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఇక్కడే. 1892లో అప్పటి విశాఖపట్నం జిల్లాలోని విజయనగరం ప్రాంతం నుంచి ఖనిజం విదేశాలకు బయల్దేరింది. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఖనిజాన్ని ఇక్కడే కరిగిస్తే పని కూడా ఇక్కడే పుడుతుందన్న ఆలోచనతో 1950ల చివర్లో గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ పరిశ్రమ వెలిసింది. తర్వాత జిల్లాలో అలాంటివే మరికొన్ని వచ్చాయి. ఉక్కుకు గట్టిదనం ఇచ్చే మిశ్రమ లోహాలు ఇక్కడ తయారవుతాయి.

ఈ కొలిములకు ఖనిజం ఎంత ముఖ్యమో కరెంటూ అంతే ముఖ్యం. ఒక టన్ను సిలికో మాంగనీసు తీయాలంటే సుమారు 4000 యూనిట్ల కరెంటు కావాలి. ఓ మధ్యతరగతి ఇంట్లో నెలకు 150 యూనిట్లు కాలుతుందనుకుంటే, అది ఆ ఇంటికి రెండేళ్లకు పైగా సరిపోయే కరెంటు!

ఇక పన్ను సంగతి. కరెంటు ఛార్జీ వేరు, కరెంటు మీద రాష్ట్రం వేసే సుంకం వేరు. ఆ సుంకాన్నే ఎలక్ట్రిసిటీ డ్యూటీ అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో అది చాలాకాలం యూనిట్‌కు 6 పైసలే. 2022 ఏప్రిల్‌లో ఇళ్లను వదిలేసి, పరిశ్రమలకు, వ్యాపార సంస్థలకు దాన్ని ఒక్కసారిగా రూపాయి చేశారు. 94 పైసలే కదా అనిపిస్తుంది. 4000 యూనిట్లతో గుణిస్తే టన్నుకు 3760 రూపాయలు. రోజుకు 100 టన్నులు తీసే ఫ్యాక్టరీ అనుకుంటే నెలకు కోటి రూపాయలు దాటిన అదనపు భారం.

పోనీ, ఆ భారాన్ని సరుకు ధరకు కలుపుకోవచ్చు కదా? కుదరదు. సిలికో మాంగనీసు ధరను నిర్ణయించేది గరివిడి కాదు, ఉక్కు మార్కెట్టు. దుర్గాపూర్ నుంచి, రాయ్‌పూర్ నుంచి వచ్చే సరుకుతో ఇక్కడి సరుకు పోటీ పడాలి. ధర పెంచితే కొనేవాడు అటు వెళ్లిపోతాడు. పెంచకపోతే యజమాని జేబు ఖాళీ అవుతుంది. అప్పుడు ముందుగా ఆగేది కొలిమి. కొలిమి ఆగితే మొదట ఇంటిదారి పట్టేది కాంట్రాక్టు కూలీ. మార్కెట్టు మందగించిన సమయంలోనే ఈ భారం కూడా తోడవడంతో, 2022 చివరికల్లా ఫ్యాక్టరీలు మూసేసుకుంటామని ఉత్పత్తిదారులు ప్రకటించే దాకా వెళ్లింది. ఖజానాకు నాలుగు డబ్బులు రావాలని వేసిన సుంకం, ఫ్యాక్టరీ మూతపడితే పైసా కూడా తేదు. ఆ ఫ్యాక్టరీని నమ్ముకున్న లారీవాళ్లు, హోటళ్లు, ఇళ్ల అద్దెలు... అన్నీ దాంతోపాటే పోతాయి.

పలాస చెప్పే పాఠం

అలాగని ప్రతి పన్నూ పనిని చంపేయదు. కావాలంటే పలాస-కాశీబుగ్గ వెళ్లి చూడండి. చిన్నా పెద్దా కలిపి వందలాది జీడి పరిశ్రమలున్న జంట పట్టణాలివి. పిక్కలు కాల్చడం, కొట్టడం, పొట్టు తీయడం, గుండు, బద్ద, ముక్క అంటూ వేరుచేయడం... ఈ పనుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే.

2017లో జీఎస్టీ రాబోతున్నప్పుడు జీడిపప్పు మీద మొదట 12 శాతం అన్నారు. వ్యాపారులు గగ్గోలు పెట్టారు. ఆ ఏడాది జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ దాన్ని 5 శాతానికి దించింది. అయితే అసలు విషయం శాతంలో లేదు, పన్ను వేసే పద్ధతిలో ఉంది. జీడి వ్యాపారి పిక్కలు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని, పప్పు అమ్మినప్పుడు కట్టాల్సిన దాంట్లోంచి తగ్గించుకోవచ్చు. అంటే పన్ను చివరికి పప్పు కొనుక్కునే ఇంటి మీద పడుతుంది కానీ, మధ్యలో పొట్టు తీసే పని మీద పడదు.

కరెంటు సుంకానికి ఆ వెసులుబాటు లేదు. కరెంటు జీఎస్టీలో లేదు. కాబట్టి దాని మీద కట్టింది కట్టినట్టే... తిరిగి రాదు. ఒకటి సరుకు అమ్ముడయ్యాక చేతికొచ్చిన డబ్బులోంచి కట్టే పన్ను. మరొకటి సరుకు తయారు కాకముందే, లాభమో నష్టమో తెలియకముందే కట్టే పన్ను. ఉద్యోగాల మీద ఎక్కువ దెబ్బ వేసేది ఈ రెండోదే.

జీడి విషయంలో ఇంకో చిన్న మార్పు కూడా ఉంది. ఇక్కడి తోటల పంట చాలక ఆఫ్రికా దేశాల నుంచి పిక్కలు తెప్పించుకోవాలి. వాటి మీద దిగుమతి సుంకాన్ని 2018-19 కేంద్ర బడ్జెట్‌లో 5 నుంచి రెండున్నర శాతానికి తగ్గించారు. ఆ ఏడాది అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని ఊడ్చిపెట్టేసింది. చెట్టు మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అలాంటి రోజుల్లో పైనుంచి వచ్చే పిక్కే ఇక్కడి ఆడవాళ్ల చేతికి పని.

గీత దాటితే చవక

మరి కరెంటు మీదే ఎందుకు వేయాలి? దీనికీ జవాబు జీఎస్టీలోనే ఉంది. 2017 జులై 1 తర్వాత రాష్ట్రం సొంతంగా రేటు మార్చుకోగలిగిన పన్నులు కొన్నే మిగిలాయి. మద్యం, పెట్రోలు, డీజిలు, కరెంటు సుంకం, రిజిస్ట్రేషన్లు, వాహనాల పన్ను... ప్రధానంగా ఇవే. డబ్బు అవసరమైనప్పుడల్లా ఏ ప్రభుత్వం చెయ్యయినా ముందుగా వీటి మీదకే వెళ్తుంది.

దాని ఫలితం ఇచ్ఛాపురంలో కనిపిస్తుంది. అక్కడినుంచి కాస్త ముందుకెళ్తే ఒడిశా. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలు, డీజిలుపై ఎక్సైజ్ సుంకం తగ్గించినప్పుడు ఒడిశా కూడా తన వ్యాట్‌ను లీటరుకు 3 రూపాయల చొప్పున తగ్గించింది. ఆంధ్రప్రదేశ్ తగ్గించలేదు. జాతీయ రహదారి మీద వెళ్లే లారీ డ్రైవరుకు ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. ట్యాంకు ఎక్కడ నింపాలో అతనికి తెలుసు. రేటు ఎక్కువున్నా అమ్మకమే లేకపోతే ఖజానాకు వచ్చేదేముంది? ఇవతలి బంకులో కుర్రాడి పనికి గ్యారంటీ ఏముంది?

డీజిలు భారం వేట మీదా పడుతుంది. అందుకే 2019 నవంబరులో మత్స్యకారుల బోట్లకిచ్చే డీజిలు రాయితీని లీటరుకు 6 రూపాయల 3 పైసల నుంచి 9 రూపాయలకు పెంచారు. ఒక చేత్తో తీసుకుని ఇంకో చేత్తో ఇవ్వడమన్నమాట. దీనివల్ల బోటు యజమానికి ఊరట ఉన్నమాట నిజమే. కానీ అదే డీజిలుతో నడిచే ఆటోకు, వరికోత యంత్రానికి ఆ ఊరట లేదు.

ఖర్చు పెరగలేదు... కూలి పెరిగింది!

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. వసూలైన రూపాయి ఊరికి తిరిగొచ్చినప్పుడు ఏం జరుగుతుంది?

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైంది. తొలి విడతలోనే విజయనగరం జిల్లా ఉంది. మరుసటి ఏడాది శ్రీకాకుళానికీ వచ్చింది. చెరువు పూడిక తీయడం, గట్లు వేయడం, ఎండల్లో చేతికి నాలుగు డబ్బులు... అప్పట్నుంచీ ఈ జిల్లాల వేసవికి అదే ఆసరా. అయితే మొదట్లో కూలి డబ్బు అందడానికి వారాలు పట్టేది. దొంగ మస్టర్ల గొడవ సరేసరి.

2010-12 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేలిముద్రలతో పనిచేసే స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లింపులు తెచ్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దీన్ని ఓ పెద్ద పరీక్షగా మలిచారు. 8 జిల్లాల్లోని 157 మండలాల్లో, ఏ మండలానికి కార్డులు ముందు రావాలో, దేనికి తర్వాత రావాలో లాటరీ తీసి నిర్ణయించారు. ఆ 8 జిల్లాల్లో విజయనగరం ఒకటి. దాదాపు 2 కోట్ల మంది ఉన్న ప్రాంతమది.

ఫలితాలు చూసి ఆర్థికవేత్తలే ఆశ్చర్యపోయే పరిస్థితి. డబ్బు త్వరగా అందింది. మధ్యలో కారిపోయే సొమ్ము 40 శాతం దాకా తగ్గింది. 2023లో వాళ్లు ప్రచురించిన పరిశోధన ప్రకారం, కార్డులు వచ్చిన మండలాల్లో పేద కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది. విచిత్రమేంటంటే... పెరిగిన ఆదాయంలో 86 శాతం ఉపాధి పనుల నుంచి వచ్చింది కాదు. బయటి పనుల నుంచి వచ్చింది! పైగా పథకం మీద ప్రభుత్వం అదనంగా ఖర్చు పెట్టిందీ లేదు.

అదెలా? చెరువు పని నిజంగా దొరుకుతుందని, కూలి నిజంగా చేతికొస్తుందని నమ్మకం కుదిరాక, కూలీ తక్కువ రేటుకు ఒప్పుకోవాల్సిన పని లేదు. రైతులూ, మేస్త్రీలూ కూలి పెంచక తప్పలేదు. ఆ డబ్బు మళ్లీ ఊళ్లోనే తిరిగింది. కూలీ బియ్యం కొంటే కిరాణాకు బేరం. కిరాణా యజమాని అరుగు వేయించుకుంటే తాపీ మేస్త్రీకి పని. అతని పిల్లలకు కొత్త బట్టలైతే కుట్టు మిషనుకు పని. వ్యవసాయం బయట చిన్న చిన్న వ్యాపారాలు, వాటిలో పనులు పెరిగాయని ఆ అధ్యయనంలో తేలింది. కూలి పెరిగితే పనులు తగ్గిపోతాయన్న భయం నిజం కాలేదు.

వలస మాత్రం పెద్దగా మారలేదు. గుర్తుపెట్టుకోవాల్సిన విషయమిది. మట్టిపని ఇంటికి ఆసరా అవుతుంది. చెన్నైలో సెంట్రింగు పని తెచ్చిపెట్టే సంపాదనకు అది సాటి రాదు. అందుకు నీళ్లు కావాలి, పరిశ్రమలు కావాలి.

శిలాఫలకం నీళ్లివ్వదు

నీళ్ల సంగతికొస్తే తోటపల్లి కథ వినాలి. నాగావళి మీద ఆ బ్యారేజీకి 2003లో శంకుస్థాపన జరిగింది. జాతికి అంకితం చేసింది 2015 సెప్టెంబరులో. శంకుస్థాపన ఏడాదిలో పుట్టిన బిడ్డ ఏడో తరగతికి వచ్చేదాకా ఆ ప్రాజెక్టు సాగుతూనే ఉంది. కొత్తగా లక్షా పాతిక వేల ఎకరాలకు అటూఇటుగా నీళ్లివ్వాలన్నది లక్ష్యం. బ్యారేజీ పూర్తయినంత మాత్రాన ప్రతి మడికీ నీళ్లొచ్చినట్టు కాదు. పిల్లకాలువలు తవ్వాలి, భూసేకరణ తేలాలి. అప్పుడు గానీ శివారు ఆయకట్టు తడవదు.

వంశధార రెండో దశదీ అదే దారి. 2005లో అనుమతులు వచ్చాయి. ఒడిశాతో పేచీ తేల్చడానికి 2010లో ట్రైబ్యునల్ ఏర్పడింది. 2017 సెప్టెంబరులో తీర్పు వచ్చింది. 19 టీఎంసీల హిరమండలం జలాశయం కోసం ఊళ్లకు ఊళ్లే ఇల్లూ వాకిలీ వదులుకున్నాయి. ఆ జలాశయం నీళ్లనే ఇప్పుడు ఉద్దానానికి తాగునీటిగా మళ్లించారు. కిడ్నీ జబ్బులతో కుదేలైన ఆ పల్లెల కోసం 700 కోట్లతో కట్టిన ఆ పథకాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. సంపాదించే మనిషి మంచాన పడకుండా ఉండటం కూడా ఉపాధే కదా!

ప్రాజెక్టు కట్టేటప్పుడు వచ్చే పని తాత్కాలికం. జేసీబీ వెళ్లిపోగానే అదీ వెళ్లిపోతుంది. అసలు పని నీళ్లొచ్చాకే. ఒక పంట పండే నేల రెండు పంటలు పండితే ఊడ్పులు రెండుసార్లు, కోతలు రెండుసార్లు. మిల్లుకు ధాన్యం, పశువుకు గడ్డి, ట్రాక్టరుకు బాడుగ. అందుకే సగంలో ఆగిన ప్రాజెక్టు అంత ఖరీదైనది మరొకటి లేదు. పెట్టిన డబ్బు అక్కడే ఇరుక్కుపోతుంది. అప్పు తెచ్చి ఉంటే దాని వడ్డీ మాత్రం ఆగదు. ఆ వడ్డీ కట్టేది మళ్లీ పన్నుల్లోంచే!

మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో, భోగాపురం విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023 మేలో మరోసారి శంకుస్థాపనలు జరిగాయి. వీటి మీద ఈ ప్రాంతం పెట్టుకున్న ఆశలు అన్నీ ఇన్నీ కావు. రేవు, రన్‌వే కట్టేసరికి సరిపోదు. క్రేను నడిపేవాళ్లు, శీతల గిడ్డంగి నిర్వహించేవాళ్లు, సరుకు లెక్కలు రాసేవాళ్లు ఇక్కడి ఐటీఐల నుంచి, కాలేజీల నుంచి రావాలి. లేదంటే కాంక్రీటు ఇక్కడిది, ఉద్యోగం ఇంకెక్కడివారిదో అవుతుంది.

ఇప్పుడిక 60:40

2025 డిసెంబరులో ఓ కొత్త చట్టం వచ్చింది. ఉపాధి హామీ స్థానంలో పార్లమెంటు ‘వీబీ-జీ రామ్ జీ’ చట్టం చేసింది. ఏడాదికి 100 రోజుల పని బదులు 125 రోజులన్నారు. దుక్కి, కోతల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపుకోవచ్చన్నారు. అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఖర్చులో ఉంది. ఇదివరకు కూలి డబ్బంతా కేంద్రమే భరించేది. సామగ్రి ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రానిది. కొత్త చట్టంలో ఆంధ్రప్రదేశ్ లాంటి రాష్ట్రాలు మొత్తం ఖర్చులో 40 శాతం పెట్టుకోవాలి.

ఇక్కడే కథ మొదటికొస్తుంది. ఆ 40 శాతం ఎక్కడినుంచి తేవాలి? రాష్ట్రం చేతిలో ఉన్న పన్నులు ఏవో చూశాం. కరెంటు మీద వేస్తే గరివిడిలో కొలిమి ఆగుతుంది. డీజిలు మీద వేస్తే ఇచ్ఛాపురంలో లారీ ఆగకుండా వెళ్లిపోతుంది. చెరువుగట్టు మీద పని ఇవ్వడానికి ఫ్యాక్టరీలో పని తీసేస్తే... ఎడమ జేబులోది కుడి జేబులో వేసుకున్నట్టే. పోనీ తన వాటా సమకూర్చుకోలేక రాష్ట్రం పనులే తగ్గిస్తే, కూలీ మళ్లీ మేస్త్రీ చెప్పిన రేటుకే తలూపాల్సి వస్తుంది. స్మార్ట్‌కార్డుల పరీక్షలో పెరిగిన ఆ 86 శాతం బయటి ఆదాయానికి పునాది ఉపాధి పని దొరుకుతుందన్న నమ్మకమే.

దారులు లేకపోలేదు. పన్ను వేయాల్సి వస్తే తయారీకి వాడే సరుకు మీద కన్నా, చివరికి కొనుక్కునే సరుకు మీద, పెరిగిన భూముల విలువ మీద వేయడం మేలు. రోడ్డో, రేవో, విమానాశ్రయమో వచ్చిన చోట భూమి ధర దానంతటదే పెరుగుతుంది. అందులో కొంత ఖజానాకొస్తే ఎవరి పనీ పోదు. ఇక ఖర్చు విషయంలో పది కొత్త పనులు మొదలుపెట్టేకన్నా ఆగిపోయిన రెండు పిల్లకాలువలు పూర్తిచేయడం మేలు. కూలి డబ్బు వారంలో చేతికందేలా చూస్తే చాలు... అదనపు పైసా లేకుండా ఆదాయాలు పెరుగుతాయని విజయనగరం మండలాలే రుజువు చేశాయి.

బడ్జెట్ రోజున టీవీలో లక్షల కోట్ల అంకెలు పరుగెడుతుంటే మనకు అర్థం కాదులే అనుకుంటాం. అంత కష్టమేమీ కాదు. కొత్త పన్ను అనగానే ‘కట్టింది వ్యాపారికి తిరిగొస్తుందా, పని మీదే పడుతుందా?’ అని చూడాలి. కొత్త పథకం అనగానే ‘పాతది పూర్తయిందా?’ అని అడగాలి. గ్రామసభలో ఆ మాట అడగడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు. తోటపల్లి కాలువ చివరన పొలం ఉన్న రైతుకు ఆ రెండో ప్రశ్న ఎప్పట్నుంచో తెలుసు.